డీజిల్ లైనులో గాలి ఎక్కడ దూరుతోందో పట్టించే సెట్టు: ప్రైమర్ బల్బు, పారదర్శక పైపులపై సమీక్ష

ట్రాక్టరు డీజిల్ లైనులో గాలి పట్టినప్పుడు ఆ గాలిని బయటికి తీయడం ఒక పని, అది ఎక్కడి నుంచి వస్తోందో కనిపెట్టడం పూర్తిగా వేరే పని. మొదటి పనికి రెండు పానాలు, కొంచెం ఓపిక ఉంటే చాలు. రెండో పనికి మాత్రం లైను లోపల ఏం జరుగుతోందో కంటికి కనిపించాలి. ఆ అవసరం తీర్చడానికి దొరికే ఒక చిన్న సెట్టును కొంతకాలంగా వాడుతున్నాను, దాని గురించే ఈ సమీక్ష. చేత్తో నొక్కే రబ్బరు ప్రైమర్ బల్బు ఒకటి, పారదర్శకమైన పైపు ముక్కలు కొన్ని, రెండు వేర్వేరు సైజుల పైపులను కలిపే జాయింటర్లు, క్లిప్పులు ఈ సెట్టులో ఉంటాయి. ఇలాంటివి రకరకాల పేర్లతో అమ్ముతారు, వస్తువు నమూనా మాత్రం దాదాపు ఒకటే. అందువల్ల పేరును పక్కన పెట్టి, ఇందులోని ఒక్కో భాగం దేనికి పనికొస్తుంది, ఏది నాసిరకంగా ఉంటుంది, దేన్ని మార్చుకుని వాడాలి అనే విషయాలే రాస్తున్నాను.

నా అభిప్రాయం ముందే చెబుతాను. లోపాన్ని వెతికే సాధనంగా ఇది చాలా మంచిది. బండికి శాశ్వతంగా బిగించి వదిలేయడానికి మాత్రం మంచిది కాదు. ఎక్కువ మంది దీన్ని అలా శాశ్వతంగా బిగించడానికే కొంటున్నారు కనుక ఆ తేడాను కాస్త వివరంగా చెప్పాలి.

డీజిల్‌ను ఎంత ఒత్తినా దాదాపు కుదించుకోదు, గాలి సులువుగా కుదించుకుంటుంది. ఇబ్బంది అంతా ఇక్కడే ఉంది. పాత పద్ధతి మెకానికల్ పంపు ఉన్న ఇంజన్లలో సిలిండరులోకి డీజిల్ చల్లే నాజిల్‌లోని సూది లేవాలంటే సాధారణంగా 150 నుంచి 250 బార్ వరకు ఒత్తిడి కావాలి. పంపు ప్లంజరు, అంటే డీజిల్‌ను నెట్టే చిన్న పిస్టను, ప్రతి స్ట్రోకులో నెట్టేది చాలా కొద్దిపాటి డీజిల్ మాత్రమే. ఆ కొద్దిపాటి డీజిల్ ముందు ఒక చిన్న గాలి బుడగ ఉన్నా స్ట్రోకు మొత్తం ఆ బుడగను కుదించడానికే ఖర్చయిపోతుంది, సూది లేవదు, సిలిండరులో మంట రాదు. అందుకే సెల్ఫ్ ఎంతసేపు కొట్టినా ఇంజన్ అందుకోకపోవడం, అందుకున్నా అర నిమిషం తిరిగి ఆగిపోవడం, స్లోలో పెట్టినప్పుడు వేగం పెరుగుతూ తగ్గుతూ ఉండటం, నాగలి దించి లోడు పడేసరికి శక్తి చచ్చిపోవడం, మధ్యమధ్యలో తెల్ల పొగ రావడం వంటి లక్షణాలు కనిపిస్తాయి.

ఇలాంటప్పుడు బ్లీడ్ స్క్రూలు, అంటే గాలి వదలడానికి ఫిల్టర్ల మీద, పంపు మీద ఉండే చిన్న స్క్రూలు, వదులు చేసి గాలి తీస్తే బండి నడుస్తుంది. మర్నాడో, వారం తరువాతో అదే తంతు మళ్లీ మొదలవుతుంది. ఫిల్టరు మార్చినప్పుడో, ట్యాంకు పూర్తిగా ఖాళీ అయినప్పుడో గాలి పడితే ఒకసారి తీయడంతో అయిపోవాలి. అలాంటి కారణం ఏదీ లేకుండా రెండోసారి పట్టిందంటే ఎక్కడో దారి తెరుచుకుని ఉందని అర్థం. ఆ దారి మూయకుండా రోజూ గాలి తీస్తూ పోతే బ్లీడ్ స్క్రూల మరలు పాడవుతాయి, రాగి వాషర్లు నలిగిపోతాయి, చివరికి గాలి దూరే చోట్లు ఒకటికి నాలుగవుతాయి.

ఆ దారి కంటికి ఎందుకు కనపడదో అర్థమైతే ఈ సెట్టు విలువ తెలుస్తుంది. ట్యాంకు నుంచి ఫీడ్ పంపు వరకు ఉన్న భాగాన్ని పీల్చే వైపు అనుకుందాం. ఫీడ్ పంపు డీజిల్‌ను లాగుతుంది కాబట్టి ఇంజన్ నడుస్తున్నప్పుడు అక్కడ లోపలి ఒత్తిడి బయటి గాలి ఒత్తిడి కంటే తక్కువగా ఉంటుంది. పగులు ఉంటే డీజిల్ బయటికి రాదు, గాలి లోపలికి పోతుంది. చిల్లు ఉన్న గొట్టంతో నీళ్లు పీల్చినప్పుడు నోట్లోకి గాలి వస్తుంది తప్ప చిల్లులోంచి నీటి చుక్క కారదు, ఇదీ అంతే. పైగా గాలి చిక్కదనం డీజిల్ చిక్కదనంతో పోలిస్తే వంద రెట్లకు పైగా తక్కువ. డీజిల్ చెమర్చడానికి కూడా వీలుకాని సన్నని సందులోంచి గాలి సులువుగా దూరిపోతుంది. దీనికి పెద్ద పీల్పు కూడా అక్కర్లేదు. డీజిల్ మట్టం ఫీడ్ పంపు కంటే అర మీటరు కింద ఉంటే దాన్ని పైకి లాగడానికి కావలసింది సుమారు 0.04 బార్ మాత్రమే, గాలి దూరడానికి అంత తేడా చాలు. కాబట్టి పైపులన్నీ పొడిగా ఉన్నాయి, ఎక్కడా లీకు లేదు అని చెప్పడం పీల్చే వైపు విషయంలో ఏ మాత్రం రుజువు కాదు.

ఫీడ్ పంపు దాటిన తరువాత ఫిల్టర్ల మీదుగా ఇంజెక్షన్ పంపు వరకు, అంటే నాజిళ్లకు ఎక్కువ ఒత్తిడితో డీజిల్ పంపే పంపు వరకు, ఉన్నది నెట్టే వైపు. డయాఫ్రమ్ రకం, అంటే పలచని సాగే పొర కదిలి డీజిల్ లాగే రకం, ఫీడ్ పంపు ఉన్న బండ్లలో ఇక్కడ ఒత్తిడి సాధారణంగా 1 బార్ లోపే ఉంటుంది. ఇక్కడ సందు ఉంటే ఇంజన్ తిరుగుతున్నప్పుడు డీజిల్ బయటికి కారుతుంది, ఇంజన్ ఆగి లైనులోని డీజిల్ వెనక్కి జారుతున్నప్పుడు అదే సందులోంచి గాలి లోపలికి వస్తుంది. రాత్రంతా నిలిపిన బండి ఉదయం మొరాయించి, ఒకసారి అందుకున్నాక సాయంత్రం దాకా బాగానే నడుస్తుంటే ఈ వైపును కూడా అనుమానించాలి.

ఇక సెట్టులోని భాగాల విషయానికి వస్తాను. అన్నిటికంటే విలువైనది, అన్నిటికంటే తక్కువగా గౌరవం పొందేది పారదర్శక పైపు. ఎక్కువ సెట్లలో ఇచ్చేది పీవీసీ పైపు. కొత్తలో అది మెత్తగా, స్వచ్ఛంగా ఉంటుంది. డీజిల్ తగులుతూ ఉంటే దానికి మెత్తదనం ఇచ్చే పదార్థం కరిగి పోతుంది, పైపు పసుపెక్కి, బిరుసెక్కి, నిప్పుల్, అంటే పైపు తొడిగే మొన, దగ్గర పట్టు కోల్పోతుంది. పరీక్ష చేసి తీసేసేటంత కాలానికి అది చాలు, అంతకు మించి దాని మీద నమ్మకం పెట్టుకోకూడదు. ఇంధనానికి పనికొచ్చే పాలీయురేథేన్ పైపు విడిగా దొరికితే సెట్టులోని ముక్కల బదులు దాన్నే వాడటం మేలు. లోపలి వ్యాసం విషయంలో కొంత జాగ్రత్త అవసరం. ట్రాక్టర్ల డీజిల్ లైన్లలో 8, 10 మిల్లీమీటర్ల పైపులు ఎక్కువగా కనిపిస్తాయి. వదులు పైపును క్లిప్పుతో బలవంతంగా బిగిస్తే ఆ మడత దగ్గరే గాలి దూరి, లేని లోపాన్ని చూపిస్తుంది. పరీక్ష కోసం పెట్టిన పైపే అబద్ధం చెబితే ఆ తరువాత చేసిన వెతుకులాట అంతా వృథా.

క్లిప్పులే ఈ సెట్టులో అన్నిటికంటే బలహీనమైన భాగం. స్క్రూతో బిగించే మామూలు క్లిప్పుల పట్టీలో గాడులు ఉంటాయి, చిన్న వ్యాసం ఉన్న పైపు మీద అవి రబ్బరును కోసేస్తాయి, పైగా గుండ్రంగా కూర్చోక ఒక పక్క సందు వదులుతాయి. అంచులు బయటికి మలిచిన, పట్టీ లోపలి వైపు నునుపుగా ఉన్న ఇంధన పైపుల క్లిప్పులు వాడితే ఈ బెడద ఉండదు. నేను సెట్టుతో వచ్చిన క్లిప్పులను పక్కన పెట్టేశాను, కొనేవారు కూడా ఆ పనే చేయాలని నా సలహా. జాయింటర్లు ఇత్తడివి అయితే మంచిది. ప్లాస్టిక్ వాటిలో అచ్చు అతుకు గీత నిప్పుల్ మీద పొడవునా లేచి ఉంటుంది, ఆ గీత వెంబడే గాలి నడుస్తుంది.

బల్బు నిర్మాణం సరళమైనది. రెండు చివరలా ఒకే దిశలో తెరుచుకునే చిన్న వాల్వులు ఉంటాయి, మధ్యలో రబ్బరు బుడ్డి ఉంటుంది. నొక్కితే డీజిల్ ముందుకు పోతుంది, వదిలితే ట్యాంకు వైపు నుంచి నిండుతుంది. దిశ తెలిపే బాణం గుర్తు దాని మీద ఉండాలి. నాకు వచ్చినదాంట్లో ఆ గుర్తు ఉన్నా అది చాలా మసకగా ఉంది, నూనె చేతులతో పట్టుకున్నాక కనపడదు, అందుకే పెయింటుతో మళ్లీ గీసుకున్నాను. బాణం పైకి ఉండేలా నిలువుగా పట్టుకుంటే వాల్వులు సరిగ్గా కూర్చుంటాయి, లోపలి గాలి కూడా త్వరగా పోతుంది. నైట్రైల్ రబ్బరుతో చేసినదా కాదా అన్నది కొనేటప్పుడే అడగాలి. సహజ రబ్బరు డీజిల్‌లో ఉబ్బి, మెత్తబడి పాడైపోతుంది. బండికి పెట్టే ముందు బల్బునే ఒకసారి పరీక్షించుకోవాలి. ఒక డబ్బాలోని డీజిల్‌తో నింపి, బయటికి పోయే చివర మూసి నొక్కితే అది గట్టిగా నిలబడాలి. నొక్కుతూ ఉండగానే మెత్తబడుతుంటే వెనక వాల్వు పట్టడం లేదన్నమాట.

వాడే పద్ధతిలో నాకు అన్నిటికంటే నచ్చింది పారదర్శక పైపును ఒక చోట నుంచి మరో చోటికి జరుపుతూ పోవడం. ముందుగా ఫీడ్ పంపులోకి వెళ్లే పైపు తీసి, దాని బదులు ఒక జానెడు పారదర్శక పైపు పెట్టి, గాలి తీసి, ఇంజన్ నడపాలి. స్లోలో కాకుండా వేగం పెంచి చూడాలి, ఎందుకంటే ఇంజన్ ఎంత ఎక్కువ డీజిల్ లాగితే పీల్పు అంత పెరుగుతుంది, స్లోలో కనపడని బుడగలు అప్పుడు కనిపిస్తాయి. వీలైతే లోడు మీద చూడటం ఇంకా మంచిది. గాలి తీసిన వెంటనే రెండు మూడు పెద్ద బుడగలు పోవడం సహజం, అవి పైపు పైభాగాన మిగిలినవి. ఆ తరువాత కూడా ఆగకుండా బుడగలు వరుసగా వస్తుంటే లోపం దానికి వెనక, అంటే ట్యాంకు వైపు ఉంది. బుడగలు రాకుండా, ఫిల్టరు తరువాత మాత్రం వస్తుంటే లోపం పంపులోనో ఫిల్టర్లలోనో ఉంది. ఇలా ఒక్కో అడుగు జరుపుకుంటూ పోతే అనుమానం ఒక్క జాయింటుకు వచ్చి ఆగుతుంది.

నేను చూసిన ఒక బండిలో డీజిల్ గాజు గిన్నె, అంటే నీరు, మడ్డి దిగే సెడిమెంటర్, తరువాత బుడగలు వచ్చేవి, దానికి ముందు లేవు. గిన్నె బిగువుగానే ఉంది, బయట తడి లేదు. విప్పి చూస్తే పాత వాషర్ గిన్నె పైన ఉండే లోహపు తలకు అతుక్కుని ఉండగా దాని మీదే కొత్తది వేసి బిగించారు. రెండు వాషర్లు ఒకదాని మీద ఒకటి జారి ఒక పక్క సందు వదిలాయి. పారదర్శక పైపు లేకపోతే ఆ గిన్నెను ఎవరూ అనుమానించేవారు కారు, ఫీడ్ పంపునే మార్చేవారు. ఫిల్టరు మార్చాక మొదలైన గాలి సమస్యల్లో ఈ పాత వాషర్ కథ చాలా తరచుగా వినిపించేదే, కాబట్టి ఫిల్టరు విప్పిన ప్రతిసారీ తల గాడిలోకి వేలు పెట్టి తడిమి చూడాలి.

ఒక చోటు అనుమానం వచ్చాక దాన్ని ఖాయం చేసుకోవడానికి ఒక చవకైన ఉపాయం ఉంది. ఇంజన్ నడుస్తుండగా ఆ జాయింటు చుట్టూ చిక్కటి గ్రీజు దట్టంగా పూయాలి. పీల్చే వైపు సందు అయితే గ్రీజు దాన్ని కాసేపు మూసేస్తుంది, పారదర్శక పైపులో బుడగలు తగ్గిపోతాయి. ఇది మరమ్మతు కాదు, సాక్ష్యం మాత్రమే. సాక్ష్యం దొరికాక జాయింటు విప్పి, గ్రీజు లోపలికి పోకుండా శుభ్రంగా తుడిచి, వాషరో పైపో మార్చాలి.

ఈ పరీక్షలో ఒక మోసం పొంచి ఉంది, దీన్ని సెట్టుతో వచ్చే కాగితం ఎక్కడా చెప్పదు. పారదర్శక పైపులో బుడగలు కనిపించినంత మాత్రాన గాలి బయటి నుంచే వస్తోందని కాదు. డీజిల్‌లో కొంత గాలి కరిగి ఉంటుంది. ట్యాంకు లోపలి జాలీ మడ్డితో మూసుకుపోయినా, పైపు ఎక్కడైనా నొక్కుకుపోయినా, ట్యాంకు మూత మీది గాలి రంధ్రం పూడిపోయినా పీల్పు పెరుగుతుంది, ఆ పీల్పుకు కరిగి ఉన్న గాలి విడిపోయి నురగలా సన్నని బుడగలుగా బయటపడుతుంది. అప్పుడు జాయింట్లన్నీ ఎంత బిగించినా ఫలితం ఉండదు. అందుకే బుడగలు చూడగానే పానా పట్టుకోకుండా ముందు ట్యాంకు మూత తీసి ఇంజన్ నడపాలి. మూత తీసిన కొద్దిసేపటికే బుడగలు పోయి ఇంజన్ సర్దుకుంటే రంధ్రం శుభ్రం చేస్తే సరిపోతుంది. అప్పటికీ తగ్గకపోతే ట్యాంకు దగ్గర పైపు విప్పి డీజిల్ ధారగా వస్తోందో లేదో చూడాలి. ధార సన్నగా ఉంటే జాలీ సంగతి ముందు చూడాలి.

డబ్బా పరీక్ష కూడా ఈ సెట్టుతోనే చేయవచ్చు. శుభ్రమైన డబ్బాలో డీజిల్ పోసి, ట్యాంకు లైను పూర్తిగా వదిలేసి, పారదర్శక పైపును డబ్బా నుంచి నేరుగా ఫీడ్ పంపుకు కలపాలి. డబ్బా నుంచి ఇంజన్ బాగా నడిస్తే లోపం ట్యాంకులోనో, ట్యాంకుకు పంపుకు మధ్యనో ఉందని తేలిపోతుంది. ట్యాంకు సగానికి పైగా ఉన్నంతసేపు బాగుండి, ఆపైన గాలి పట్టే బండ్లకు ఈ పరీక్ష తప్పనిసరి. ట్యాంకు లోపల కిందికి దిగే పీల్చే పైపు మధ్యలో చిట్లి ఉంటే డీజిల్ మట్టం ఆ చిట్లిన చోటు కంటే కిందికి దిగాకే గాలి లాగుతుంది. ఈ లోపాన్ని బయటి జాయింట్లన్నీ విప్పి బిగించినా ఎవరూ కనిపెట్టలేరు.

ఇప్పుడు బల్బు దగ్గరికి వస్తే, దాన్ని ఎక్కువ మంది గాలి తీయడానికే వాడుతున్నారు, నా ఉద్దేశంలో దాని అసలు ఉపయోగం అది కాదు. పీల్చే వైపును తాత్కాలికంగా నెట్టే వైపుగా మార్చడమే దాని గొప్పతనం. బల్బును ట్యాంకు పక్కనే పెట్టి, బ్లీడ్ స్క్రూలన్నీ బిగించి ఉంచి, గట్టిపడే వరకు నొక్కితే మామూలుగా గాలి పీల్చే సందులోంచి ఇప్పుడు డీజిల్ బయటికి చెమరుస్తుంది. ముందుగా జాయింట్లన్నీ గుడ్డతో పొడిగా తుడిచి, వాటి మీద సుద్ద పొడి చల్లితే చిన్న చెమ్మ కూడా మచ్చగా కనిపిస్తుంది. రిటర్ను లైను, అంటే మిగిలిన డీజిల్‌ను వెనక్కి తెచ్చే పైపు, ట్యాంకులోకి తెరిచి ఉండే రకం బండి అయితే ఆ లైనును పరీక్ష జరిగినంతసేపు నొక్కి పట్టాలి, లేకపోతే డీజిల్ అటు తిరిగి వెళ్లిపోయి బల్బు గట్టిపడదు. గట్టిపడిన బల్బు కాసేపటికి దానంతట అదే మెత్తబడితే ఎక్కడో పోతోందని అర్థం. కంప్రెసరు గాలిని ఈ పనికి వాడటం కంటే బల్బు ఎంతో సురక్షితం. చేతి బలంతో వచ్చే ఒత్తిడి తక్కువ కాబట్టి ఫీడ్ పంపు డయాఫ్రమ్ చిరగదు, ఫిల్టరు వాషర్లు పొంగవు.

ఈ పరీక్షకు ఒక పరిమితి ఉంది. బల్బుకు ముందు ఉన్న ట్యాంకు కాక్, జాలీ, లోపలి పైపు ఇందులో పరీక్షకు రావు, వాటికి పైన చెప్పిన డబ్బా పద్ధతే గతి. మరొకటి, బల్బు మెత్తబడుతున్నా బయట ఎక్కడా చెమ్మ లేకుండా, ఇంజన్ ఆయిలు మట్టం మాత్రం గేజి కడ్డీ మీద పెరుగుతూ ఉంటే ఆ క్షణంలో పరీక్ష ఆపేయాలి. క్యామ్ షాఫ్టు నడిపే ఫీడ్ పంపులో డయాఫ్రమ్ చిల్లు పడితే డీజిల్ ఆయిల్ చాంబరులోకి దిగుతుంది. డీజిల్ కలిసి పలచబడిన ఆయిలుతో ఇంజన్ నడపడం బేరింగులకు చేటు. పంపు మార్చి, ఆయిలు కూడా మార్చాకే ఇంజన్ తిప్పాలి.

గాలి తీయడానికి బల్బు ఎంత సాయపడుతుందన్నది బండిని బట్టి ఉంటుంది. ఇన్‌లైన్ పంపు, అంటే ప్లంజర్లన్నీ ఒకే వరుసలో ఉండే ఇంజెక్షన్ పంపు, పక్కన మర తిప్పి లేపి కొట్టే చేతి ప్రైమరు మంచి స్థితిలో ఉంటే బల్బు అవసరం లేదు, ఆ ప్రైమరే వేగంగా పని చేస్తుంది. అయితే పని అయ్యాక దాన్ని కిందికి నొక్కి మర పూర్తిగా బిగించకపోతే, లేదా దాని సీలు అరిగి ఉంటే, గాలి దూరే చోటు సరిగ్గా అదే అవుతుంది. గాలి తీసిన చేతులే గాలికి దారి వదిలి వెళ్లడం అన్నమాట. డయాఫ్రమ్ పంపు మీది చిన్న చేతి మీట విషయం వేరు. ఇంజన్ ఆగినప్పుడు క్యామ్ ఎత్తు భాగం పంపు చేతిని నెట్టి ఉంచితే మీట ఎంత ఆడించినా బోలుగా తిరుగుతుంది, డీజిల్ రాదు. పంపు చెడిపోయిందని అనుకోకుండా ఇంజన్‌ను కొంచెం తిప్పి మళ్లీ ప్రయత్నిస్తే స్ట్రోకు దొరుకుతుంది. ఇలాంటి బండ్లలో బల్బు నిజంగా హాయిగా ఉంటుంది, ఎక్కడ ఆగినా డీజిల్ నెడుతుంది. ఫిల్టరు బ్లీడ్ స్క్రూ వదిలి, బుడగలు లేని డీజిల్ వచ్చే వరకు నొక్కి, డీజిల్ కారుతుండగానే స్క్రూ బిగించి, ఆ తరువాత రెండో ఫిల్టరు, ఆపైన ఇంజెక్షన్ పంపు అనే క్రమం తప్పకూడదు. చివరన నాజిళ్ల యూనియన్ నట్లు, అంటే నాజిళ్లకు పైపులను బిగించే నట్లు, ఒక మర వదులు చేసి, యాక్సిలరేటరు పూర్తిగా ఇచ్చి, ఆపే కేబులు లోపలికి నెట్టి ఉందో లేదో చూసుకుని సెల్ఫ్ కొట్టాలి. ఒక్కోసారి పది పదిహేను సెకన్లు మించకుండా కొట్టి, మధ్యలో సెల్ఫ్ మోటారు చల్లారే వ్యవధి ఇవ్వాలి.

ఈ చివరి దశలో వేళ్లు నట్ల దగ్గర పెట్టకూడదు, లీకు ఉందేమో అని చేత్తో తడమకూడదు. నాజిల్ లైనులోని ఒత్తిడికి సన్నని ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోగలదు. బయటికి సూది మొనంత గాయం కనిపించినా లోపల కణజాలం చచ్చిపోయే ప్రమాదం ఉంది, అలా జరిగితే నొప్పి లేకపోయినా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కామన్ రైల్ పద్ధతి, అంటే నాజిళ్లన్నిటికీ ఒకే గొట్టంలో ఎక్కువ ఒత్తిడితో డీజిల్ నిల్వ ఉంచే పద్ధతి, ఉన్న కొత్త ట్రాక్టర్లలో ఈ నట్లు వదులు చేయడం అసలు చేయరాని పని, అక్కడి ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. అలాంటి బండ్లకు తయారీదారు పుస్తకంలో ఉన్న పద్ధతినే అనుసరించాలి. ఈ సెట్టును తక్కువ ఒత్తిడి వైపు, అదీ ఆ పుస్తకం ఒప్పుకుంటేనే వాడాలి. సెట్టు పెట్టె మీద అన్ని డీజిల్ బండ్లకూ పనికొస్తుందని రాయడం నాకు నచ్చలేదు, ఈ హెచ్చరిక లేకుండా అలా రాయకూడదు.

బల్బును లైనులో శాశ్వతంగా వదిలేయడాన్ని నేను ఎందుకు వ్యతిరేకిస్తున్నానో ఇప్పుడు చెప్పవచ్చు. పంపు ప్రతిసారీ లాగే దారిలో రెండు చిన్న వాల్వులను అదనంగా పెట్టడం అంటే పీల్పుకు అడ్డు పెంచడమే, అది కరిగిన గాలిని విడదీసే దిశలోకే తోస్తుంది. ఇంజన్ వేడికి, ఎండకు రబ్బరు కాలక్రమంలో గట్టిపడి నిప్పుల్ మెడ దగ్గర పగుళ్లు పడుతుంది, గాలిని వెతకడానికి తెచ్చిన వస్తువే గాలి దూరే చోటవుతుంది. అన్నిటికంటే ముఖ్యంగా, రోజూ ఉదయం నాలుగుసార్లు నొక్కి స్టార్టు చేసే అలవాటు పడితే అసలు లోపం అలాగే మిగిలిపోతుంది. బల్బులోని వాల్వు డీజిల్‌ను వెనక్కి జారనివ్వదు కాబట్టి కొంతకాలం బండి బాగుపడినట్టే కనిపిస్తుంది, ఆ లోగా అరిగిన ఫీడ్ పంపు వాల్వో, చిట్లిన పైపో ఇంకా పాడవుతాయి. బల్బు పెట్టాక బండి బాగా నడుస్తోందని తృప్తి పడేవారు ఆ బల్బు తీసేసి నడిపి చూడాలి.

సెట్టులో లేనివి, తప్పకుండా ఉండవలసినవి కొన్ని ఉన్నాయి. బాంజో బోల్టులకు, అంటే డీజిల్ పైపును బిగించే, మధ్యలో రంధ్రం ఉన్న బోల్టులకు, కొత్త రాగి వాషర్లు ఒక్కటీ ఇవ్వరు. ఒకసారి నలిగిన రాగి వాషర్ గట్టిపడి మళ్లీ సరిగ్గా కూర్చోదు. కొత్తవి లేనప్పుడు ఎర్రగా కాల్చి చల్లార్చి, పొరలు తుడిచి వాడవచ్చు, అయితే కొత్తవి దగ్గర ఉంచుకోవడమే మేలు. విప్పిన పైపుల చివర్లు మూసే మూతలు కూడా లేవు, దుమ్ములో పని చేసేవారికి ఇది పెద్ద లోటే. దానికి బదులు కొన్ని సెట్లలో తెల్ల టెఫ్లాన్ టేపు చుట్ట ఒకటి వేస్తున్నారు. దాన్ని డీజిల్ లైనులో వాడకూడదు. చుట్టేటప్పుడు తెగిన పోగులు లోపలికి కొట్టుకుపోయి పంపు వాల్వుల్లోనో, ఇంజెక్షన్ పంపులోకి వెళ్లే సన్నని దారిలోనో ఇరుక్కుంటాయి. ఈ జాయింట్లు మర మీద కాదు, వాషర్ మీదో కోను మీదో మూసుకుంటాయి, కాబట్టి మరకు టేపు చుట్టినా లీకు ఆగదు.

పాత పద్ధతి మెకానికల్ పంపు ట్రాక్టరు సొంతంగా చూసుకునేవారికి, తరచూ గాలి పట్టే బండ్లు దగ్గరికి వచ్చే మెకానిక్కులకు ఈ సెట్టు కొనమని గట్టిగానే చెబుతాను. రెండు సైజులు ఉన్నప్పుడు బండి లైనుకు సరిపోయే సైజు బల్బునే తీసుకోవాలి, జాయింటర్లతో సర్దుకోవడం వల్ల గాలి దూరే చోట్లు పెరుగుతాయి. బల్బు ఇప్పటికే ఉన్నవారు, లేదా బండికి చేతి ప్రైమరు బాగా పని చేసేవారు సెట్టు మొత్తం కొననక్కర్లేదు, ఒక మీటరు మంచి పారదర్శక పైపు, నునుపు పట్టీ క్లిప్పులు నాలుగు, రాగి వాషర్లు కొన్ని తెచ్చుకుంటే వెతుకులాటలో చాలా భాగం వాటితోనే అయిపోతుంది. వాడిన తరువాత పైపును డీజిల్‌తో కడిగి, ఆరబెట్టి, రెండు చివర్లూ మూసి శుభ్రమైన డబ్బాలో దాచాలి. లోపల పట్టిన దుమ్ము తరువాతి పరీక్షలో నేరుగా పంపులోకే వెళ్తుంది.